రిటైరయ్యే షటిల్‌కు కొత్త సరుకు సామగ్రి: ఆ ఖర్చు దండగా, అవసరమా?

క్లుప్తంగా: స్పేస్ షటిళ్లను ఆపేయాలని 2004లో అమెరికా నిర్ణయించింది. ఆ తర్వాత కూడా నాసా వాటి కోసం కొత్త సరుకు సామగ్రి చేయించింది. ఆగిపోయే బండికి ఖర్చెందుకన్న ప్రశ్న అప్పట్లోనే గట్టిగా వచ్చింది. అలా చేయించినవాటిలో కొన్ని షటిల్‌తో పాటే మూలపడ్డాయి. కొన్ని ఈనాటికీ అంతరిక్ష కేంద్రంలో పనిచేస్తున్నాయి. వీటి ధర కంటే, షటిల్ ఆగాక ఇవి ఎక్కడ ఉంటాయన్నదే ఈ తేడాకు ప్రధాన కారణం.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని 2030 తర్వాత కక్ష్య నుంచి దించి, జనసంచారం లేని సముద్రంలో కూల్చేయాలన్నది నాసా ప్రణాళిక. అయినా దానికి కొత్త సామాను వెళ్తూనే ఉంది. చాపలా చుట్టి పంపే కొత్త సోలార్ ప్యానెళ్లను 2021 నుంచి బిగిస్తున్నారు. 2025 ఆగస్టులో వెళ్లిన స్పేస్ఎక్స్ కంపెనీ డ్రాగన్ సరుకు నౌక వెనుక భాగంలో, కేంద్రాన్ని పైకి నెట్టడం కోసమే రెండు ఇంజిన్లు, విడిగా ఇంధన ట్యాంకులు అమర్చి పంపారు. కొన్నేళ్లలో పోయేదానికి ఇంత ఖర్చెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. ఇల్లు ఖాళీ చేసేముందు ఎవరూ సున్నం వేయించరు కదా!

ఇదే వాదన ఇరవై ఏళ్ల కిందట షటిల్ విషయంలో నడిచింది. ఎవరి లెక్క ఎంతవరకు సరిపోయిందో ఇప్పుడు చూసుకోవచ్చు.

### గడువు ఎలా వచ్చింది

2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ తిరుగు ప్రయాణంలో ముక్కలై కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. దర్యాప్తు బోర్డు చెప్పిన విషయాల్లో ఒకటి, 2010 తర్వాత కూడా షటిళ్లను నడపాలంటే వాటిని మొదటి నుంచి చివరి దాకా మళ్లీ పరీక్షించి ధ్రువీకరించాలని. అది చాలా ఖర్చుతో, చాలా కాలంతో కూడిన పని. 2004 జనవరి 14న అధ్యక్షుడు జార్జ్ బుష్ కొత్త విధానం ప్రకటించారు. అంతరిక్ష కేంద్రం నిర్మాణం పూర్తిచేయాలి, 2010 నాటికి షటిళ్లను ఆపాలి, మిగిలే డబ్బుతో మళ్లీ చంద్రుడి మీదికి వెళ్లే నౌకలు కట్టాలి.

అక్కడి నుంచి ప్రతి ప్రయాణమూ లెక్కలోకి వచ్చింది. కొలంబియా తర్వాత షటిళ్లు ఎగిరింది 22 సార్లే. కేంద్రం భాగాలు, ప్రయోగశాలలు, సోలార్ రెక్కలు, ఆహారం, నీళ్లు, విడిభాగాలు అన్నీ అందులోనే సర్దాలి. అమెరికా కోసం జపాన్‌లో తయారవుతున్న సెంట్రిఫ్యూజ్ మాడ్యూల్‌ను (గిర్రున తిప్పి కృత్రిమ గురుత్వాకర్షణ కల్పించే ప్రయోగశాల గదిని) 2005లో రద్దు చేసేశారు. అప్పటికే దాని మీద పెట్టిన డబ్బు పోయినట్టే. ఆ మాడ్యూల్ ఇప్పుడు జపాన్‌లోని త్సుకుబాలో ప్రదర్శన వస్తువుగా ఉంది.

### షటిల్ చేసే పని ఇంకెవరు చేస్తారు?

షటిల్ సరుకు గది పొడవు సుమారు 18 మీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్లు. అంతరిక్ష కేంద్రానికి ఒక్క విడతలో దాదాపు 16 టన్నులు మోయగలదు. రష్యా ప్రోగ్రెస్ నౌక తీసుకెళ్లేది రెండున్నర టన్నులు. కానీ అసలు చిక్కు బరువులో లేదు.

మొదటి చిక్కు తలుపు. ప్రోగ్రెస్, ఐరోపా వాళ్ల ఏటీవీ నౌకలు అతుక్కునే చోట దారి వెడల్పు 80 సెంటీమీటర్లే. కేంద్రంలో అమెరికా వైపు ప్రయోగశాలల్లో వాడే ఒక్కో ర్యాకు పెద్ద ఫ్రిజ్ కంటే పెద్దది. దానికి దాదాపు 127 సెంటీమీటర్ల చదరపు తలుపు కావాలి. ఇల్లు మారేటప్పుడు బీరువా గుమ్మంలో పట్టకపోతే లారీ ఎంత పెద్దదైనా లాభం లేదు, ఇదీ అంతే. షటిల్ తెచ్చే ఇటలీ సరుకు మాడ్యూళ్లకు ఆ పెద్ద తలుపు ఉండేది.

రెండోది తిరుగు సరుకు. ప్రోగ్రెస్, ఏటీవీ, జపాన్ హెచ్‌టీవీ నౌకలు పని అయ్యాక వాతావరణంలో కాలిపోతాయి. చెడిపోయిన యంత్రాన్ని కిందికి తెచ్చి, విప్పి, ఎందుకు చెడిందో చూసే వీలు అప్పట్లో ఒక్క షటిల్‌తోనే ఉండేది.

ఇక మూడోది, పెద్ద విడిభాగాలు. కేంద్రం బయట బిగించే పంపులు, అమ్మోనియా ట్యాంకులు, కేంద్రాన్ని నిలకడగా ఉంచే భారీ గైరోలు షటిల్ కొలతలను బట్టి తయారైనవి. చెడినప్పుడల్లా తెచ్చి, బాగుచేసి, తిరిగి పంపడం మొదట అనుకున్న పద్ధతి. షటిల్ ఆగిపోతుందనగానే ఆ పద్ధతి కూలిపోయింది. ఇక మిగిలిన దారి, కొన్నేళ్లకు సరిపడా విడిభాగాలను ముందే పైకి చేర్చి అక్కడే దాచిపెట్టడం. దాచడానికి పైన చోటు కావాలి, కొత్త సామగ్రి అవసరం అక్కడ పుట్టింది.

### వద్దన్నవాళ్ల లెక్క

వద్దన్న వాదనను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. సరుకు మోసే చట్రమైనా, మాడ్యూల్ అయినా డిజైన్, పరీక్షలు, భద్రతా ధ్రువీకరణ అన్నీ ఒకేసారి పెట్టే ఖర్చులు. యాభై ప్రయాణాలకు పంచితే అవి కనపడవు. రెండు ప్రయాణాలకు పంచితే గుండె ఝల్లుమంటుంది. పైగా ఆ డబ్బు, ఆ ఇంజనీర్లు చంద్రుడి ప్రయాణానికి కట్టే ఒరాయన్ నౌకకు, కొత్త రాకెట్లకు కావాలి.

ప్రైవేటు సరుకు నౌకల పథకం కూడా 2006లోనే మొదలైంది. 2008 డిసెంబరులో స్పేస్ఎక్స్‌కు 12 ప్రయాణాలకు 160 కోట్ల డాలర్లు, ఆర్బిటల్ సైన్సెస్‌కు 8 ప్రయాణాలకు 190 కోట్ల డాలర్ల ఒప్పందాలు కుదిరాయి. వాళ్లు వచ్చేస్తున్నారు కదా, పాత బండికి కొత్త చక్రాలెందుకని అడగడం న్యాయమే.

అయితే ఈ వాదన ఒక మాటను పక్కన పెట్టేసింది. షటిల్ పథకానికి ఏటా దాదాపు 300 కోట్ల డాలర్లు అయ్యేవి. అందులో చాలా భాగం ఉద్యోగుల జీతాలు, లాంచ్ ప్యాడ్లు, మరమ్మతు షెడ్లు. షటిల్ ఎగిరినా ఎగరకపోయినా ఆ ఖర్చు ఆగదు. అంటే మిగిలిన ఒక్కో ప్రయాణానికి టికెట్ డబ్బు ముందే కట్టేసినట్టే. సరిపోయే చట్రం లేక సరుకు గదిలో చోటు వృథాగా పోతే అదీ నష్టమే, ఏ పద్దులోనూ కనిపించదు అంతే.

### ఒక పంపు కథ

2010 జులై 31న అంతరిక్ష కేంద్రంలో అలారం మోగింది. బయట పొడవాటి దూలం మీదున్న అమ్మోనియా పంపు షార్ట్ సర్క్యూటై ఆగిపోయింది. యంత్రాల వేడిని బయటికి పంపే లైన్లు రెండే. అందులో ఒకటి పోయింది. సగం చల్లదనం పోవడంతో ఒక్కో యంత్రాన్నీ ఆపుకుంటూ వచ్చారు.

పంపు బరువు భూమ్మీద సుమారు 350 కిలోలు. డగ్లస్ వీలాక్, ట్రేసీ కాల్డ్‌వెల్ డైసన్ ఆగస్టు 7న బయటికి వెళ్లారు. గొట్టాల కనెక్టర్లలో ఒకటి ఊడి రాలేదు. సుత్తి లాంటి పనిముట్టుతో కొట్టాల్సి వచ్చింది. అమ్మోనియా చుక్కలు మంచు రేకుల్లా ఎగిరాయి. అది స్పేస్‌సూట్‌కు అంటుకుని లోపలికి వస్తే ప్రమాదం, అందుకే అందరికీ టెన్షన్. మొత్తం మూడు స్పేస్‌వాక్‌లు పట్టాయి. ఆగస్టు 16 నాటికి కొత్త పంపు చోటులో కూర్చుంది.

ఆ కొత్త పంపు అప్పటికప్పుడు భూమి నుంచి వచ్చింది కాదు. షటిల్ ముందే తెచ్చి, కేంద్రం బయట ఒక అరుగులాంటి చట్రం మీద కట్టి పెట్టింది. ఆ అరుగు గనక లేకపోతే తర్వాతి షటిల్ దాకా కేంద్రం సగం చల్లదనంతో నెట్టుకురావాల్సిందే.

కథ ఇంకా ఉంది. చెడిన పాత పంపును 2011 జులైలో చివరి షటిల్ అట్లాంటిస్ కిందికి తెచ్చింది. మైక్ ఫోసమ్, రాన్ గారన్ స్పేస్‌వాక్ చేసి దాన్ని సరుకు గదిలో ఒక తేలికపాటి చట్రానికి బిగించారు. 2013 డిసెంబరులో, షటిల్ లేని కాలంలో, ఇంకో పంపులో వాల్వు మొరాయించింది. దాచిన విడిభాగాల్లోంచి మరో పంపు తీసి, రిక్ మాస్ట్రాకియో, మైక్ హాప్కిన్స్ క్రిస్మస్ ముందు రోజు దాకా పనిచేసి బిగించారు. అంత పెద్ద యంత్రం కోసం ఆ వారంలో ఏ నౌకకూ ఎదురుచూడలేదు.

### మిగిలే సామాను, మూలపడే సామాను

విడిభాగాలను దాచే అరుగుల్లో పెద్దవి ఎక్స్‌ప్రెస్ లాజిస్టిక్స్ క్యారియర్లు, పొట్టిగా ఈఎల్‌సీలు. ఇలాంటి చట్రాలను మొదట బ్రెజిల్ ఇవ్వాలి, 1997 ఒప్పందం అది. డబ్బు సమకూరక బ్రెజిల్ ఇవ్వలేకపోయింది. చివరికి నాసాకు చెందిన గొడార్డ్ కేంద్రమే ఆ పని చేపట్టింది. 2009 నవంబరులో రెండు, 2011 ఫిబ్రవరిలో ఒకటి, మేలో ఒకటి వెళ్లాయి. ఒక్కోటి దాదాపు 4.4 టన్నులు మోస్తుంది. షటిల్ మీద ఇవి ప్రయాణించింది ఒక్కోటీ ఒక్కసారే. ప్రయాణాల మీద భాగిస్తే ఇంతకంటే ఖరీదైన సరుకు చట్రం ఉండదు.

కానీ అవి తిరిగి రాలేదు. కేంద్రం దూలానికి అతుక్కుని అక్కడే ఉండిపోయాయి. వాటికి కరెంటు, డేటా లైన్లు కూడా పెట్టారు. అందువల్ల విడిభాగాల పక్కనే పరిశోధన పరికరాలకు చోటు దొరికింది. న్యూట్రాన్ నక్షత్రాలను పరిశీలించే నైసర్ టెలిస్కోపు, ఓజోన్‌ను కొలిచే సేజ్-3 పరికరం 2017లో డ్రాగన్ నౌకల్లో వెళ్లి ఈ చట్రాల మీదే కూర్చున్నాయి. షటిల్ కోసం చేసిన చట్రం షటిల్ తర్వాత వచ్చిన నౌక తెచ్చిన పరికరానికి చోటిచ్చింది. ఈ మొత్తం చర్చలో అందరికంటే ఎక్కువగా గుర్తుంచుకోవాల్సిన ఉదాహరణ ఇదే.

ఇటలీ మాడ్యూళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. టూరిన్‌లో తయారైనవి మూడు: లియోనార్డో, రఫేలో, డొనాటెల్లో. ఖాళీగా నాలుగు టన్నులకు పైగా తూగుతూ తొమ్మిది టన్నుల సరుకు పట్టే పీపాలు ఇవి. షటిల్ వాటిని తీసుకెళ్లి కేంద్రానికి తగిలించి, కొన్ని రోజుల తర్వాత వెనక్కి తెచ్చేది. 2010 ఏప్రిల్‌లో తిరిగొచ్చిన లియోనార్డోను ఈసారి అక్కడే వదిలేద్దామన్నారు. కొద్ది రోజుల కోసం చేసిన పీపా ఏళ్ల తరబడి పైన ఉండాలంటే, దూసుకొచ్చే అంతరిక్ష శకలాలను తట్టుకునే గట్టి కవచం కావాలి. లోపలి పరికరాలను విప్పి బాగుచేసుకునేలా మార్చాలి. తిరుగు ప్రయాణానికే పనికొచ్చే భాగాలు తీసేస్తే బరువు తగ్గుతుంది. ఒక్కసారి కూడా ఎగరని డొనాటెల్లో భాగాలు కొన్ని ఈ మార్పులకు పనికొచ్చాయి. 2011 ఫిబ్రవరి 24న డిస్కవరీ షటిల్ లియోనార్డోను తీసుకెళ్లింది. అది ఇప్పుడు కేంద్రానికి సామాను గది. 2021–22లో అక్కడ ఆరు నెలలు గడిపిన, తెలంగాణ మూలాలున్న రాజా చారి బృందం కూడా వాడుకున్నది ఆ గదినే.

మరి రఫేలోను కూడా వదిలేస్తే పోలేదా? పోయేది కాదు. రఫేలో వెళ్లిన చివరి షటిల్ ప్రయాణంలో పైకి సరుకు పంపడంతో పాటు కేంద్రంలో పేరుకుపోయిన పాత సామాను దించాలి. దానికి వెనక్కొచ్చే పీపానే కావాలి. ఒకే రకం మాడ్యూల్, రెండు వేరు పనులు, అందుకే రెండు వేరు నిర్ణయాలు.

ఇక పూర్తిగా మూలపడిన వైపు చూస్తే, షటిల్‌లో సరుకు మాడ్యూళ్లను అద్దెకిచ్చే స్పేస్‌హ్యాబ్ కంపెనీ కనిపిస్తుంది. దాని సరుకు మాడ్యూల్ చివరిసారి ఎగిరింది 2007 ఆగస్టులో. షటిల్‌కు తప్ప దేనికీ పట్టని సామగ్రి కావడంతో ఆ వ్యాపారం అక్కడితో అయిపోయింది. 2009లో కంపెనీ పేరే మార్చుకుంది.

షటిల్‌తోనే మ్యూజియానికి పోయి కూడా డబ్బుకు న్యాయం చేసిన సామగ్రి ఒకటుంది. 2007లో ఎండెవర్ షటిల్‌కు, తర్వాత డిస్కవరీకి పెట్టిన విద్యుత్ బదిలీ వ్యవస్థ అది. షటిల్ తన కరెంటు తయారుచేసే ఫ్యూయల్ సెల్స్‌కు మోసుకొచ్చే హైడ్రోజన్, ఆక్సిజన్ అయిపోగానే ఇంటిదారి పట్టాలి. కేంద్రం నుంచే కరెంటు తీసుకుంటే ఆ నిల్వలు ఆదా అవుతాయి. దాంతో ఎనిమిది రోజుల మకాం పన్నెండు రోజుల దాకా సాగింది. అంటే దింపుకోవడానికి, బిగించుకోవడానికి అదనంగా నాలుగు రోజులు. ప్రయాణాలు తక్కువ కాబట్టే ఒక్కో రోజుకూ విలువ పెరిగింది. అట్లాంటిస్‌కు మాత్రం దీన్ని పెట్టలేదు.

### ఆలస్యం ధర

ఏటా 300 కోట్ల డాలర్లంటే నెలకు 25 కోట్లు. కొత్త సామగ్రి ఆలస్యమై, దాని కోసం పథకం మొత్తం ఒక్క నెల ఆగినా పోయే డబ్బు ఇది. వద్దన్నవాళ్లు సామగ్రి ధర మీద పెట్టిన దృష్టి ఈ ప్రమాదం మీద పెట్టి ఉంటే వాళ్ల వాదన ఇంకా బలంగా ఉండేది.

భౌతిక శాస్త్రవేత్త శామ్యూల్ టింగ్ నాయకత్వంలో తయారైన ఏఎంఎస్ కణ శోధక యంత్రమే దీనికి ఉదాహరణ. దాదాపు 7 టన్నుల ఈ పరికరానికి కొలంబియా తర్వాత ప్రయాణాల జాబితాలో చోటు పోయింది. 2008 చట్టంతో అమెరికా కాంగ్రెస్ మళ్లీ చోటిప్పించింది. అంతా సిద్ధమయ్యే వేళ కేంద్రం ఆయుష్షు 2020 దాకా పొడిగించే ఆలోచన వచ్చింది. పరికరంలోని అతివాహక అయస్కాంతం ద్రవ హీలియం అయిపోతే పనిచేయదు, అంటే మహా అయితే మూడేళ్లు. అందుకని 2010లో దాన్ని తీసేసి, అంత శక్తి లేకపోయినా ఎప్పటికీ ఆగని మామూలు శాశ్వత అయస్కాంతం పెట్టారు. 2010 జులైలో అనుకున్న ప్రయాణం వెనక్కి జరిగి చివరికి 2011 మే 16న సాగింది. ఆలస్యానికి ఖర్చయింది, నిజమే. మూడేళ్ల పరికరం మాత్రం పదేళ్లు దాటి పనిచేస్తోంది.

### షటిల్ ఆగిన తర్వాత

2011 జులై 21న అట్లాంటిస్ దిగింది. దానిలోని రఫేలో పీపాలో వెళ్లిన నాలుగు టన్నులకు పైగా సరుకు, ఏడాది దాకా కేంద్రాన్ని నెట్టుకురావడానికని ఉద్దేశించింది. నెల తిరగగానే ఆగస్టు 24న ప్రోగ్రెస్ నౌక కక్ష్యకు చేరకుండా కూలిపోయింది. స్పేస్ఎక్స్ డ్రాగన్ తొలిసారి కేంద్రానికి చేరింది 2012 మేలో, ఆర్బిటల్ సైన్సెస్ నౌక సిగ్నస్ 2013 సెప్టెంబరులో. ప్రైవేటు నౌకలు వస్తాయన్న మాట నిజమైంది, అనుకున్న తేదీలకు మాత్రం కాదు. 2014 అక్టోబరు నుంచి 2015 జూన్ దాకా ఎనిమిది నెలల్లో సిగ్నస్, ప్రోగ్రెస్, డ్రాగన్ మూడూ ఒక్కొక్కటి చొప్పున పోయాయి. కేంద్రాన్ని ఖాళీ చేయాల్సిన అవసరం రాలేదు. ముందే దాచిన నిల్వలు లేకపోతే ఆ ఏడాది ఇంత ప్రశాంతంగా గడిచేది కాదు.

నైపుణ్యం కూడా వృథా పోలేదు. సిగ్నస్ నౌక సరుకు పీపా తయారయ్యేది టూరిన్‌లోనే, లియోనార్డో చేసినవాళ్ల దగ్గరే.

### ఇప్పుడు ఇదే ప్రశ్న

కేంద్రానికి ఇప్పుడు వెళ్తున్న కొత్త సామానుకూ ఇదే కొలత పెట్టి చూడవచ్చు. కొత్త సోలార్ ప్యానెళ్లు కేంద్రంతో పాటే కూలతాయి కాబట్టి వాటి విలువంతా మిగిలిన ఏళ్లలోనే రాబట్టాలి. ఆలస్యంగా పంపే ప్రతి ప్యానెల్‌కూ ఆ లెక్క బిగుసుకుంటుంది. డ్రాగన్‌కు అమర్చిన నెట్టుడు ఇంజిన్లది వేరే సంగతి. రష్యా నౌకల మీద ఆధారం తగ్గించడంతో పాటు, కేంద్రాన్ని దించే నౌకకు కావాల్సిన అనుభవం కూడా వాటితో వస్తుంది.

శ్రీహరికోట నుంచి 2024 డిసెంబరు 30న వెళ్లిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు జనవరిలో కక్ష్యలో ఒకదానికొకటి అతుక్కున్నాయి. భారత అంతరిక్ష కేంద్రం తొలి మాడ్యూల్‌ను 2028లో పంపాలన్నది లక్ష్యం. దాని తలుపు ఎంత వెడల్పుండాలి, బయట విడిభాగాల అరుగులు ఎన్ని ఉండాలి అన్నవి కాగితం మీద ఉన్నప్పుడే తేల్చుకోవాల్సిన విషయాలు. కట్టాక మార్చడం ఎంత కష్టమో లియోనార్డో కవచం పని చెబుతుంది.

అంతరిక్ష కేంద్రం కోసం ఇప్పుడు తయారవుతున్న కొత్త సామగ్రిలో పెద్దది, దాన్ని కిందికి దించే నౌకే. 2024 జూన్‌లో స్పేస్ఎక్స్‌కు ఇచ్చిన ఆ ఒప్పందం విలువ గరిష్ఠంగా 84.3 కోట్ల డాలర్లు. అది వెళ్లేది ఒక్కసారే. పని పూర్తయ్యే వేళకు అదీ కేంద్రంతో పాటే వాతావరణంలో ముక్కలై కాలిపోతుంది. లియోనార్డో కూడా ఆ రోజున ఆ మంటల్లోనే ఉంటుంది.